సిగరెట్ నిప్పు పరీక్ష: 13,800 రూపాయల ప్రొజెక్టర్ మీద ఐదు థ్రిల్లర్లు

ముందే చెప్పేస్తున్నా, ఇది లూమెన్లు (వెలుతురు కొలత) కొలిచి పట్టికలు వేసే రివ్యూ కాదు. కొలిచే మీటర్లేవీ నా దగ్గర లేవు. ఉన్నదల్లా ఏలూరులో రెండో అంతస్తు పోర్షన్, అందులో ఒక తెల్ల గోడ, మా అమ్మ, బీటెక్ చదువుతున్న తమ్ముడు, థ్రిల్లర్లంటే నాకున్న పిచ్చి. దసరా ఆఫర్లలో 13,800 రూపాయలు పోసి ఈ ప్రొజెక్టర్ కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా పెద్ద ఉపయోగం లేదు, అచ్చం ఇలాంటి పెట్టెకే వేరే స్టిక్కర్లు వేసి అమ్ముతున్నవి ఆన్‌లైన్‌లో నాకే మూడు కనిపించాయి. నెలన్నర వాడాక రాస్తున్నా.

పెట్టె మీద "4కె సపోర్ట్" అని బారెడు అక్షరాలు. సపోర్ట్ అంటే 4కె సినిమా పెడితే కాదనకుండా తీసుకుంటుందని, అంతవరకే. తీసుకుని దాన్ని 1080పీకి కుదించి గోడ మీద వేస్తుంది. లూమెన్లూ అంతే, వేలల్లో రాసి ఉంటాయి గానీ పక్కన 'ఆన్సీ' (ప్రమాణం ప్రకారం కొలిచిందని గుర్తు) అన్న మాట లేకపోతే ఆ అంకెను పెళ్లిసంబంధాల్లో చెప్పే జీతంలాగే తీసుకోవాలి. ఇవన్నీ యూట్యూబ్‌లో ఎవరైనా చెబుతారు. నా గొడవ వేరు. కామెడీని ఫోన్‌లో, బస్సులో, సగం నిద్రలో చూసినా నవ్వొస్తుంది. థ్రిల్లర్ దగ్గర అలా నడవదు. హంతకుడు ఎవరన్నది కథ చెబుతుంది, కానీ గుండె దడ పుట్టేది గోడ మీద పడే నలుపులోంచి, వినపడీ వినపడని చప్పుడులోంచి, కట్ చేయకుండా ఇంకో రెండు సెకన్లు సాగదీసిన షాట్‌లోంచి. పెట్టె వీటిని చెడగొడితే ఏం జరిగిందో తెలుస్తుంది గానీ టెన్షన్ మాత్రం రాదు. అందుకని దీన్ని థ్రిల్లర్లతోనే పరీక్షించాను.

మొదటి రాత్రి దర్శకుడు హిచ్‌కాక్ తీసిన 'రియర్ విండో', 1954 నాటిది. కాలికి కట్టుతో కుర్చీలో పడి ఉన్న ఫొటోగ్రాఫర్, ఉక్కపోత, ఎదురు వాటాల కిటికీలన్నీ తెరిచే ఉంటాయి, అతనికి వేరే పనేం లేదు, చూస్తుంటాడు. చూసి చూసి, ఎదురు వాటాలో ఉండే ఒకాయన తన భార్యను చంపేశాడని అనుమానం పడతాడు. పారామౌంట్ స్టూడియోలో ఆ పెరడూ ఆ ఇళ్లూ అన్నీ సెట్టే వేశారు, 31 వాటాలు కట్టారట, కెమెరా మాత్రం దాదాపు సినిమా అంతా అతనున్న ఒక్క గదిని వదలదు. అతను ఎంత చూడగలడో మనమూ అంతే చూస్తాం. ఎదురింట్లో మాట్లాడుకుంటే మనకీ వినపడదు, పెదాలు కదలడమే కనపడుతుంది.

అమ్మకి ఇంగ్లిష్ రాదు. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. "కాసేపు కూచుని లేచిపోతానే, నాకేం అర్థమవుతుంది" అంది. సినిమా మొదట్లో ఎవరూ ఏమీ చెప్పకుండానే కెమెరా గది చుట్టూ తిరుగుతుంది, చెమట పట్టిన మొహం, కట్టు కట్టిన కాలు, పగిలిపోయిన కెమెరా, గోడకి రేసు కారు గాల్లోకి లేచిన ఫొటో. "ఓహో, ఆ కారు ఫొటో తీయబోయి కాలు విరగ్గొట్టుకున్నాడన్నమాట" అంది అమ్మ. తమ్ముడు నా వంక చూశాడు. ఆ తర్వాత ఆవిడ మంచినీళ్లకి కూడా లేవలేదు.

అందులో హీరోయిన్ గ్రేస్ కెల్లీ ఆధారం దొరుకుతుందేమోనని ఎదురాయన ఇంట్లోకి దూరే సీను ఉంటుంది. ఆవిడ గదిలో వెతుకుతోంది, ఆయన తిరిగొచ్చేస్తున్నాడు, ఈ రెండూ మనకి ఇవతలి నుంచి కనపడుతున్నాయి, మధ్యలో ఒక్క గోడ. ఆవిడకి తెలీదు. హీరో అరవలేడు, లేవలేడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని "వచ్చేస్తున్నాడర్రా, దానికెవరైనా చెప్పండర్రా" అని మా ఇద్దరి మీద అరిచింది. బల్ల కింద బాంబు ఉందని పాత్రలకి తెలీకుండా మనకి ముందే తెలిస్తే టెన్షన్ పుడుతుందని హిచ్‌కాక్ చెప్పిన సంగతి సినిమా పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలిసిందే. నాకు ఆ రాత్రి కొత్తగా అనిపించింది ఆ దూరం. దగ్గరి షాట్లతో ఒకసారి ఆవిడ మొహం, ఒకసారి ఆయన మొహం మార్చి మార్చి చూపిస్తే ఇద్దరి మధ్య ఎంత దూరం ఉందో మనకి అంచనా ఉండదు, ఎడిటర్ ఎంతసేపు అంటే అంతసేపు. దూరం నుంచి ఇద్దర్నీ కలిపి చూపిస్తే మనమే అడుగులు లెక్కపెడతాం. ఇంకో ఆరడుగులు, ఇంకో మూడడుగులు. మన దగ్గర వచ్చే చాలా థ్రిల్లర్లలో ఈ ఓపిక ఉండదు, సెకనుకో కట్, పైన డ్రమ్ములు, ఎవరు ఎక్కడున్నారో తెలిసేలోపు సీను అయిపోతుంది.

ఇంతవరకు ప్రొజెక్టర్ పాస్. 100 అంగుళాల బొమ్మలో ఆ పెరడంతా కళ్ల ముందు పరుచుకుంటే, నిజంగానే మా కిటికీలోంచి పక్కింటి వైపు చూస్తున్నట్టుంది. 43 అంగుళాల టీవీలో ఈ సినిమా ఇంతకు ముందు రెండుసార్లు చూశాను, ఆ వంట గదులూ వాటిలోని మనుషులూ అప్పుడు బొమ్మరిళ్లలా ఉన్నారు.

తర్వాత కుక్క చనిపోయే సీను వచ్చింది. పెరట్లో తవ్వుతూ తిరిగే కుక్కను ఎవరో చంపేస్తారు. దాని యజమానురాలు ఏడుస్తూ ఇరుగుపొరుగు మొత్తాన్ని తిడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా బయటికొచ్చి చూస్తారు, ఒక్క కిటికీ మాత్రం చీకటి. ఆ చీకటి మధ్యలో ఒక సిగరెట్ నిప్పు వెలుగుతుంది, తగ్గుతుంది. సినిమా మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టే షాట్ అదే. అందులో మనిషి లేడు, మాట లేదు, ఎర్రటి చుక్క ఒకటి. ఊరంతా బయటికొస్తే ఆయన చీకట్లో కూచుని తాపీగా పొగ పీలుస్తున్నాడని ఆ చుక్క చెబుతుంది.

నా గోడ మీద ఆ కిటికీ నల్లగా లేదు. బూడిద పులిమినట్టుంది. ఆ బూడిదలో నిప్పు వెలిసిపోయిన బొట్టుబిళ్లలా కలిసిపోయింది. "ఏం చూపించాడిప్పుడు?" అని అడిగింది అమ్మ. ఆ షాట్ దగ్గర ఆ ప్రశ్న వచ్చిందంటే ఇంక చెప్పేదేముంది.

దీనికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఈ రకం ప్రొజెక్టర్లలో లోపలి దీపం ఎప్పుడూ పూర్తిగా వెలుగుతూనే ఉంటుంది, ముందున్న ఎల్‌సీడీ ప్యానెల్ అడ్డుపడి వెలుతురును ఆపితే అదే నలుపు. ఎంత ఆపినా కొంత కారుతుంది, ఈ ధరలో బాగా కారుతుంది. పైగా మన గదుల్లో నాలుగు గోడలూ తెలుపే, తెర మీది వెలుతురు పక్క గోడలకి తగిలి మళ్లీ తెర మీదకే వస్తుంది. షాపువాళ్లు అడిగితే బ్రైట్‌నెస్ పెంచమంటారు. పెంచకండి, నలుపు ఇంకా తేలిపోతుంది. నేను మెనూలో 'వివిడ్' మోడ్ తీసేసి 'సినిమా' మోడ్ పెట్టి, బ్రైట్‌నెస్ 50 నుంచి 42కి దించాను. తర్వాత అమ్మ ముదురు నీలం దుప్పట్లు రెండు పక్క గోడలకి మేకులు కొట్టి వేలాడదీశాను. ఖర్చు సున్నా, తేడా మాత్రం కంటికి తెలిసేంత. ఇంటి ఓనరు మేకులు చూడలేదు, చూసే దాకా నేనూ చెప్పను.

రెండో సినిమా 'సైకో', 1960, నలుపు తెలుపు. ఇక్కడో చిన్న సంగతి, చవక ప్రొజెక్టర్ రంగుల్లో చేసే మోసం కలర్ సినిమాలో దాగిపోతుంది, నలుపు తెలుపులో దొరికిపోతుంది. మాది సినిమా మొత్తాన్నీ ఉజాలా ఎక్కువైన పంచెలా చూపించింది. మెనూలో కలర్ టెంపరేచర్ 'వార్మ్' పెట్టాక దారికొచ్చింది.

షవర్ సీను గురించి ఇప్పటికే అందరూ రాసేశారు. ఆ సీనుకి హిచ్‌కాక్ మొదట సంగీతమే వద్దనుకున్నాడని, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ రాసి వినిపించాక మనసు మార్చుకున్నాడని కూడా చాలామందికి తెలుసు. మేం వేరే ప్రయోగం చేశాం. ఆఫీసు డబ్బు తీసుకుని పారిపోతున్న అమ్మాయి కారు నడిపే సీను, దాన్ని ముందు మ్యూట్‌లో చూశాం. ఏముంది, ఒకమ్మాయి స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తోంది, చీకటి పడుతుంది, ఎదురు బండ్ల లైట్లు, వాన, వైపర్లు. విజయవాడ హైవే మీద ఎవరి డాష్‌క్యామ్ తీసినా ఇదే ఉంటుంది. మళ్లీ వెనక్కెళ్లి సౌండుతో పెట్టాం. అదే మొహం, అదే రోడ్డు, ఇప్పుడు వెనక ఎవరో తరుముతున్నట్టుంది. ఆ సినిమా సంగీతం మొత్తం తీగ వాయిద్యాలే, ఇత్తడి బాకాలు లేవు, డప్పులు లేవు. పైగా తన గురించి ఆఫీసులో ఎవరేమనుకుంటుంటారో ఆమె తలలోనే ఊహించుకునే గొంతులు మనకి వినపడుతుంటాయి. అంటే భయమంతా సౌండులో ఉంది, బొమ్మ దానికి సాక్షి అన్నమాట. పెట్టెలోనే ఉన్న చిన్న స్పీకర్ ఈ వయొలిన్లను బాగానే పలికించింది, కీచుమని కోసినట్టే ఉంది, మార్కులు వేశాను.

ఇంకో సీను గురించి కూడా చెప్పాలి. ఆ అమ్మాయి దిగిన మోటెల్ నడిపే కుర్రాడు శవమున్న కారును ఊబిలోకి తోస్తాడు. కారు మునుగుతూ మునుగుతూ ఆగిపోతుంది. సంగీతం లేదు. అతను ఏదో నములుతున్నవాడు నమలడం ఆపి అటూ ఇటూ చూస్తాడు. కొద్ది సెకన్లే. నా పక్కన తమ్ముడు "మునుగు మునుగు" అంటున్నాడు. కారు బుడగలతో లోపలికి దిగిపోయాక ఊపిరి వదిలి, ఆ తర్వాత గానీ తను ఎవరి పక్షాన ఉన్నాడో వాడికి తట్టలేదు. అప్పటి దాకా మనం ప్రాణంగా చూసుకున్న అమ్మాయి ఆ కారు డిక్కీలో ఉంది! ఒక షాట్‌ను కాస్త ఆపి పట్టుకోవడంతో మన న్యాయాన్యాయాలు తలకిందులు చేశాడు. దీనికి ప్రొజెక్టర్‌తో పనేం లేదు, నచ్చింది కాబట్టి రాశాను.

మూడో శనివారం 'జాస్', 1975, స్పీల్‌బర్గ్. ఇక్కడ పెట్టె పరువు పూర్తిగా పోయింది. ఆ సినిమాకి చేయించిన యాంత్రిక సొరచేప సముద్రపు నీళ్లలో మాటిమాటికీ మొరాయించడంతో చేపను చూపించకుండానే భయపెట్టాల్సిన పరిస్థితి వచ్చిందనేది ప్రసిద్ధమైన కథ. చేప బదులు నీటి మట్టంలో ఉన్న కెమెరా, చేప లాగుతుంటే నీళ్ల మీద పరిగెత్తే పసుప్పచ్చ పీపాలు, జాన్ విలియమ్స్ రెండే రెండు స్వరాలు. ఆ రెండు స్వరాలే చేప. ఎంత నిజాయితీ అంటే, ఇద్దరు పిల్లలు అట్ట రెక్కతో ఆకతాయితనంగా అందర్నీ భయపెట్టినప్పుడు ఆ సంగీతం రాదు. చెవి పట్టినవాళ్లకి అక్కడే తెలిసిపోతుంది అది ఉత్తుత్తిదని. ఇలా ప్రేక్షకుడికి ఒక గుర్తు అలవాటు చేసి, తర్వాత సినిమాలో ఒకచోట అదే గుర్తు లేకుండా చేపను ఠక్కున పైకి లేపితే ఇంక కుర్చీలో ఉంటామా.

కానీ ఆ స్వరాలు మంద్రంలో ఉంటాయి, చెల్లోలు, డబుల్ బేస్‌లు. ఈ పెట్టెలోని స్పీకర్ పిడికిలంత. దాంట్లోంచి ఆ సంగీతం ఎవరో చెక్క బల్ల మీద వేలితో టకటక కొడుతున్నట్టు వచ్చింది. సముద్రం అడుగు నుంచి రావాల్సింది పోస్టాఫీసు ముద్రలా వినపడితే ఎట్లా? బ్లూటూత్ స్పీకర్ తగిలిస్తే బేస్ వచ్చింది గానీ సౌండు బొమ్మ కంటే కొంచెం వెనకబడింది, తలుపు మూశాక ధబ్‌మంటోంది. చివరికి తమ్ముడి కంప్యూటర్‌కున్న పాత 2.1 స్పీకర్ల సెట్టు, వైరుతో. ఆ రాత్రి సబ్‌వూఫర్ నేలకి ఆనించి పెడితే మంచం కోళ్లు కూడా అదిరాయి, అమ్మ కాళ్లు పైకి పెట్టేసుకుంది, బండల మీద నీళ్లొస్తున్నట్టు. కాబట్టి ఈ ధరలో ప్రొజెక్టర్ కొనేవాళ్లు వైరు స్పీకర్లకి ఇంకో రెండు మూడు వేలు పక్కన పెట్టుకోండి, బ్లూటూత్‌తో తృప్తి పడకండి.

అదే సినిమాలో బీచ్ సీను దగ్గర ఇంకో జబ్బు బయటపడింది. పోలీసు అధికారి ఒడ్డున కూచుని నీళ్ల వైపే చూస్తుంటాడు. ఈతదుస్తుల్లో జనం అడ్డంగా నడుస్తుంటారు, ఒకళ్లు కెమెరా ముందు నుంచి దాటిన ప్రతిసారీ ఆ అడ్డు మాటున కట్ జరిగి మనం ఆయన మొహానికి ఇంకొంచెం దగ్గరవుతాం. కట్ అయినట్టే తెలీదు, మెడ పట్టి ముందుకు లాగుతున్నట్టుంటుంది. చూద్దామనుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు అడ్డొస్తారు, పెళ్లి భోజనాల దగ్గర వీడియో కెమెరాకి అడ్డొచ్చే చుట్టాల్లాగా, మనకి ఒళ్లు మండుతుంది, ఆయనకీ మండుతుంది. ఆ తర్వాత నిజంగా ప్రమాదం జరిగినప్పుడు ఆయన మొహం అక్కడే ఉండి వెనకున్న బీచ్ మొత్తం సాగిపోయే ఆ డాలీ జూమ్, హిచ్‌కాక్ వాళ్లు 1958 నాటి 'వర్టిగో' కోసం కనిపెట్టింది. కెమెరా ముందుకెళ్తూ లెన్స్ వెనక్కి, లేదా కెమెరా వెనక్కెళ్తూ లెన్స్ ముందుకు. కడుపులో తిప్పినట్టవుతుంది.

మా గోడ మీద ఆ అడ్డంగా నడిచే మనుషుల చుట్టూ నీళ్లలో ఇంకు కలిసినట్టు ఒక ప్రభ. సినిమా అంతా కూడా ఏదో సీరియల్ షూటింగ్ పక్కన నిలబడి చూస్తున్నట్టు నునుపుగా జారిపోతోంది. మెనూ గాలిస్తే 'మోషన్' అనే ఆప్షన్ 'హై'లో ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, వాటి మధ్య లేని ఫ్రేముల్ని ఇది సొంతంగా తయారుచేసి దూరుస్తుంది. క్రికెట్‌కి బాగుంటుందేమో గానీ థ్రిల్లర్‌కి విషం. దీన్ని ఆపేయండి బాబూ అని 2018లో టామ్ క్రూజ్ ఏకంగా వీడియో పెట్టాడు, అంటే జబ్బు ఎంత పాతదో చూడండి. ఆపేశాక సినిమా సినిమాలా ఉంది.

ఇంకోటి, ఈ పెట్టెకి కాస్త కుదుపు తగిలితే చాలు ఆటో ఫోకస్ మొదలవుతుంది, గోడంతా తెల్లటి గళ్లు వస్తాయి. చేపను వేటాడుతున్న ముగ్గురూ పడవ అంచున బిగుసుకుపోయి ఉన్న సమయంలో తమ్ముడు చిప్స్ కోసం లేచాడు, టేబుల్ కదిలింది, గళ్లు. వాడు మళ్లీ కూచునే దాకా అమ్మ వాణ్ని తిట్టడం ఆపలేదు. దాన్ని కూడా మెనూలో ఆఫ్ చేయొచ్చు. అన్నీ ఆఫ్ చేయడానికే ఇన్ని పెట్టినట్టున్నారు.

నాలుగోది 'నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్', 2007, కోయెన్ సోదరులు. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. రెండు గంటల సినిమాలో సంగీతం అన్నది దాదాపు లేనే లేదు. హెర్మన్ వయొలిన్లతో చేసిన పనిని వీళ్లు ఖాళీతో చేశారు. పెట్రోలు బంకులో ముసలాయన ముందు విలన్ నాణెం ఎగరేసే సీను ఉంది, ఓడితే ఏమవుతుందో చెప్పడు, అడిగినా చెప్పడు. తను నలిపి బల్ల మీద పెట్టిన కవరు మెల్లగా చిటచిటమంటూ విచ్చుకుంటుంది, కెమెరా దాన్నే చూస్తుంది. ఆ కవరు చప్పుడు ఆ సీనుకి బీజీఎం.

మా ఇంట్లో ఆ చప్పుడు వినపడలేదు. ప్రొజెక్టర్ ఫ్యాను! మామూలు సినిమాలో పట్టించుకోం, ఈ సినిమాలో అదే పెద్ద పాత్ర. పక్క వాటాలో ఎవరో మిక్సీ వేసి మర్చిపోయినట్టు గుయ్యిమని ఒకటే మోత. వాల్యూమ్ పెంచితే తుపాకీ పేలినప్పుడు కింద ఓనరు గారు లేస్తారు. సరే అని 'నైట్ మోడ్' పెట్టాను. అది ఏం చేస్తుందంటే చిన్న చప్పుళ్లను పెంచి పెద్దవాటిని తగ్గించి అన్నిటినీ ఒకే మట్టానికి తెస్తుంది. కవరు చిటచిట, తుపాకీ మోత, గుమ్మం దగ్గర అడుగులు, అన్నీ ఒకే గొంతుతో. గుసగుసకీ పిడుగుకీ తేడా లేకపోతే థ్రిల్లర్ వార్తల్లా ఉంటుంది.

ఆపేసి, ప్రొజెక్టర్‌ను వరండాలోకి మార్చాను. కిటికీ అవతల స్టూలు, దాని మీద పెట్టె, ఊచల మధ్య నుంచి వెలుతురు లోపలికి. పాత టాకీసుల్లో మిషన్ గదికి విడిగా గోడ కట్టేవారు, నిప్పు భయం సంగతి అలా ఉంచితే ఈ మోతకైనా కట్టాల్సిందే. దూరం పెరిగి బొమ్మ గోడ దాటింది, జూమ్ తగ్గిస్తే కొంత స్పష్టత పోయింది, పోతే పోనీ అనుకున్నాను. తమ్ముడు పైనా కిందా నల్లపట్టీలు చూసి "ఫుల్ చేద్దామక్కా" అన్నాడు. వద్దన్నాను. ఫుల్ చేస్తే వెడల్పాటి ఫ్రేములో రెండు పక్కలా తెగిపోతాయి, థ్రిల్లర్లలో మనిషిని దాచేది ఆ పక్కల్లోనే. 1978లో వచ్చిన 'హాలోవీన్' అంతా ఆ అంచుల్లోనే ఆడుకుంటుంది, కత్తిరించి చూస్తే అందులో మిగిలేది ఖాళీ వీధులే.

ఇప్పుడు హోటల్ సీను. డబ్బు సంచితో హీరో గదిలో దీపం ఆర్పి మంచం మీద తుపాకీ పట్టుకుని కూచున్నాడు. కింద రిసెప్షన్‌కి ఫోన్ చేస్తాడు, కింద ఫోన్ మోగుతున్నది మనకి కూడా వినపడుతుంది, ఎవరూ ఎత్తరు. తలుపు కింద సందులో వరండా లైటు గీతలా ఉంది. అడుగుల చప్పుడు. ఆ గీతలో రెండు నీడలు, పాదాలు, ఆగాయి. వెళ్లిపోయాయి. కాసేపటికి ఏదో సన్నగా కిర్రుమంది, గీత ఆరిపోయింది. బల్బు ఊడదీశాడన్నమాట. ఎదురుగా విలన్ లేడు, కత్తి లేదు, తలుపు సందులో వెలుతురు ఉండటం, లేకపోవడం, అంతే. దుప్పట్ల పుణ్యమా అని ఆ ఒక్క క్షణం గది నిజంగానే చీకటైంది.

"కరెంటు పోయిందా?" అంది అమ్మ.

"ఫ్యాను తిరుగుతోంది కదమ్మా" అన్నాడు తమ్ముడు, వరండా వైపు చూపిస్తూ.

ఐదోది ఆదివారం పగలు, 'దృశ్యం', మన వెంకటేష్ చేసిన 2014ది. పగటిపూట ఈ పెట్టె వేస్ట్, కర్టెన్లు వేసినా మొహాలు పాలిపోతాయి. అయినా ఆ తవ్వే సీను పనిచేసింది. పోలీసులు తవ్విస్తున్నారు, ఊరంతా మూగింది, అక్కడేం ఉందో తమకి తెలుసనే హీరో రాంబాబు భార్యాపిల్లలు అనుకుంటారు, మనమూ అనుకుంటాం. అరుపుల్లేవు, చీకటి లేదు, పట్టపగలు. తవ్వితే ఏం బయటపడుతుందో చూడనివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ల కోసం రాయడం లేదు. అమ్మ ఈ సినిమా ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు, అయినా పార నేలకి తగిలినప్పుడల్లా వేళ్లు విరుచుకుంటుంది. అంత బిగించాక ముడి ఎలా విప్పాలన్నది కూడా ఒక విద్యే. హిచ్‌కాక్ అంతటివాడు 1936లో 'సబోటాజ్'లో ఒక పిల్లాడి చేతికి తెలియకుండా బాంబు ఇచ్చి బస్సెక్కించి, మనల్ని మునివేళ్ల మీద నిలబెట్టి, చివరికి నిజంగానే పేల్చేశాడు. జనానికి మండింది. అది తప్పేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

కస్టమర్ కేర్ గురించి రెండు ముక్కలు. నలుపు బూడిదగా ఉందని ఫోన్ చేస్తే "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి మేడమ్, సరిపోతుంది" అన్నారు. చేశాను. నలుపు అలాగే ఉంది, హోమ్ స్క్రీన్ మీద మాత్రం కొత్తగా రెండు యాడ్లు వచ్చాయి. రిటర్న్ గడువు ఏడు రోజులు, ఆ ఏడు రోజులూ వాళ్లతో మాట్లాడటంతోనే అయిపోయాయి.

పెట్టెలోంచి తీసి అలాగే వాడితే థ్రిల్లర్లకి ఐదుకి రెండు. 'సినిమా' మోడ్, 'మోషన్' ఆఫ్, ఆటో ఫోకస్ ఆఫ్, వైరు స్పీకర్లు, దుప్పట్లు, కిటికీ అవతల స్టూలు, ఇన్ని చేస్తే మూడున్నర. క్రికెట్‌కీ, చుట్టాలొచ్చినప్పుడు కామెడీలకీ నాలుగు ఇచ్చేస్తా. చీకటి గది లేనివాళ్లు, ఇంత కుస్తీ పట్టే ఓపిక లేనివాళ్లు ఇదే డబ్బుకి మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కుని ఉన్న టీవీలోనే లైట్లార్పి చూడండి.

మొన్న అమ్మ దుప్పట్లు ఉతికి మళ్లీ మేకులకి తగిలిస్తూ, "ఆ కుక్కని చంపినాయన సినిమా ఇంకోసారి పెట్టవే, ఆ రోజు ఏదో సరిగ్గా కనపడలేదు" అంది. పెట్టాను. అందరూ బయటికొచ్చారు, ఒక్క కిటికీ చీకటి, మధ్యలో నిప్పు వెలిగింది.

"వీడి దుంపతెగ," అంది అమ్మ మెల్లగా, "లోపలే ఉన్నాడే."